బండికి చెప్పి ఆపాలి

వేడెక్కితేగానీ వదలదు, నూనెకైనా మనిషికైనా అంతే, అనేవాడు బావ. అందుకే బావమరిది మైకు ముందుగా ఇంజను కాసేపు ఆడించి వేడెక్కించాడు, అదీ సీట్లో కూర్చోకుండా, కిటికీలోంచి చెయ్యి జొనిపి తాళం తిప్పి, పక్కింటి బండి ఎత్తుకుపోడానికి వచ్చినవాడిలా వంగి నిలబడి, ఎందుకంటే ఆ సీటు బావది, బావ బరువు పడీపడీ ఆ తోలు సీటులో ఒక గుంట పడింది, ఆ గుంటలో ఇంకొకడు కూర్చుంటే నిద్రపోయే మనిషి ఒళ్ళో కూర్చున్నట్టుంటుంది. తర్వాత జాకీ పెట్టి ముందుభాగం ఎత్తి, రెండువైపులా ఇనప స్టాండ్లు నిలబెట్టి, షెడ్డు గచ్చు మీద అట్టముక్క పరుచుకుని వెల్లకిలా కిందికి జారాడు. ఇప్పుడు అతని ముక్కుకు జానెడు పైన ఇంజను పొట్ట. నూనె ఉండేది అందులోనే, దాన్నే సంపు అంటారు. సంపు నిండినవాడే సంపన్నుడు అని ఎప్పుడో అతనే అన్నాడు, బావ రెంచీతో గచ్చు మీద ఠంగుమని కొట్టి శెభాష్ అన్నాడు, ఆ మాట ఇప్పుడు దానంతటదే మళ్ళీ వచ్చింది, వచ్చి నాలిక మీద నిలబడింది, జ్వరం నోటికి పెట్టిన మిఠాయిలా రుచీ పచీ లేదు. రానీ. అతను పిలవడం లేదు, అది మానడం లేదు.

మైకు అంటే అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, బస్టాండు పెట్టిన పేరు. గాజుగది లోపల కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చెప్పే ఉద్యోగం, ఊరందరికీ గొంతు తెలుసు, మొహం మాత్రం ఇంట్లోవాళ్ళకే తెలుసు, అదీ సరిగా తెలియదంటుంది అతని భార్య. ఆదివారం పొద్దున్నే పాత చొక్కా తొడుక్కుని బయల్దేరుతుంటే, ఎక్కడికి, ఆయిల్లా అంటుంది, ఆ ఇల్లు కలిపి చదివితే ఆయిల్లు అవుతుందని అతనే నేర్పాడు ఆవిడకి, నేర్పినందుకు ఇన్నేళ్ళుగా అనుభవిస్తున్నాడు. ఆ ఇల్లు అక్కది, అక్కతో పాటు బావది, బావతో పాటు ఈ బండిది. బావ డ్రైవింగు స్కూలు నడిపేవాడు. వారమంతా పక్కసీట్లో కూర్చుని, తనవైపు బిగించుకున్న అదనపు బ్రేకు మీద కాలు పెట్టి, నత్తలా పోయే బండిలో, కొత్తగా నేర్చుకునేవాళ్ళ ప్రాణాలూ రోడ్డున పోయేవాళ్ళ ప్రాణాలూ కాచేవాడు. అందుకని ఆయన పేరు బ్రేకు. అలాంటి మనిషి ఒకరోజు రెండు తలుపుల, టర్బో ఇంజనున్న, అప్పటికే బాగా పాతబడ్డ ఈ ఎర్ర స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చి గుమ్మంలో పెడితే, అక్క నడుం మీద చెయ్యేసి దాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, మీకు మతి ఉందా అంది. వారమంతా బ్రేకు తొక్కే కాలు, ఆదివారమైనా దాన్ని ఇంకో పెడలు తొక్కనీవే, అన్నాడు బావ. అప్పుడే బండి ముందు దీపాల్లో ఒకటి పైకి లేచింది, ఒకటి లేవలేదు. ఆ దీపాలు రెప్పల్లాగా ముడుచుకునే రకం, ఎడమ దానికి అప్పట్నుంచీ బద్ధకమే. చూడు, నీకు కన్ను కొడుతోంది, అన్నాడు బావ. ఈ వయసులో కన్ను కొట్టేవాళ్ళు ఇద్దరయ్యారు నా ప్రాణానికి, అని లోపలికి పోయింది అక్క.

ఆ ఇద్దరిలో ఒకరు లేరు. రెండోదాన్ని అక్క అమ్మేస్తోంది, సాయంత్రానికి పోతుంది. పళ్ళ డాక్టరు వచ్చి తీసుకుపోతాడు, చూశాడు, ముచ్చటపడ్డాడు, ఆయన పెట్టిన షరతల్లా ఆయిల్ కొత్తది వేయించి ఇమ్మని. పన్ను పీకి బతికేవాళ్ళలో సర్కారు తర్వాత ఈయనే, అని మైకుకు ఆ రోజే తోచింది, తోచినదాన్ని అన్నాడు కూడా, డాక్టరు పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు, అక్క నవ్వలేదు, అక్క తమ్ముడి మొహంలోకి చూసి, నీకేం అభ్యంతరం లేదుగా అని అడిగింది. అదీ అడగాల్సిన చోట, అడగాల్సిన మాట, అడగాల్సిన మనిషి అడిగింది. అతను చెప్పాల్సిందల్లా ఉంది అని. చెప్పాడా? అభ్యంతరమా అక్కా, నాకూ బండికీ అంతరమే లేదు, అన్నాడు. అదేమన్నా జవాబా? దానికి అర్థం అమ్మమనా, వద్దనా? అక్క దాన్ని అమ్మమనే అర్థం చేసుకుంది, ఎవరైనా అంతే చేసుకుంటారు. ఇంకా సాయంత్రం కాలేదు. ఈ నూనె దిగి, కొత్త నూనె ఎక్కేలోపు ఆ ఒక్క మాట చెప్పాలి, చెప్పకపోతే బండి పోతుంది, బండితో ఆదివారాలు పోతాయి, ఆదివారాలతో అక్క పోతుంది. పోవడమంటే పోవడం కాదు, ఇక్కడే ఉంటుంది, ఆరోగ్యంగా ఉంటుంది, కానీ అతను వచ్చి ఏం చేస్తాడు, సోఫాలో కూర్చుని, కాళ్ళు దగ్గర పెట్టుకుని, ఎలా ఉన్నావక్కా అంటాడా? పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అడిగిన పాపాన పోలేదు. ఇద్దరి మధ్యా మాటలన్నీ బావ చేతుల మీదుగా నడిచాయి, ఉత్తరాలు పోస్టుమ్యాను చేతుల మీదుగా నడిచినట్టు. ఇదంతా తెలుస్తూనే ఉంది, ఎవరి గురించో చదువుతున్నంత స్పష్టంగా తెలుస్తోంది, ఎక్కడా గుచ్చుకోవడం లేదు.

రెంచీ బిగించి గుంజాడు. సంపు అడుగు బోల్టు కదల్లేదు. దీన్ని ఆఖరిసారి బిగించింది బావ, చెయ్యి కాస్త ఎక్కువే పడింది, బావా ఇది బోల్టు, శత్రువు పీక కాదు అని అతను అన్నాడు, లూజుగా ఉండటానికి ఇదేమన్నా నీ నోరట్రా అన్నాడు బావ, మొత్తానికి బిగిసిపోయింది, ఆ బిగింపులో ఇంకా బావ చెయ్యి ఉంది. ఇప్పుడు ఈ రెంచీకి ఈ చివర తను, ఆ చివర బావ, బావాబావమరుదుల చెయ్యిపట్టు పందెం. ఊపిరి బిగబట్టి ఇంకోసారి గుంజాడు. కిర్రుమంది. వదిలింది. బావ ఓడిపోయాడు. ఎప్పుడూ ఓడిపోయినవాడు కాదు. బోల్టును వేళ్ళతో తిప్పుతూ వచ్చాడు, చివరి మరలో చటుక్కున లాగాలి, లేకపోతే వేడి నూనె మోచేతి దాకా కారుతుంది, లాగాడు, అయినా కారింది, కాలింది, కాలినట్టు చర్మం పైకి కబురు పంపింది, పైన కబురందుకునే వాళ్ళెవరూ లేరు. చేతి చమురు వదిలింది అంటారు కదా, ఇదే కాబోలు. కారు కారుతోంది. వారు మనవారు కారు. కారేది కారు, కారనిది కన్ను. ఆపరా. ఆగదు.

నల్లటి ధార రేకు తొట్టిలో పడుతోంది, కానీ నిలకడగా పడటం లేదు, గునుస్తోంది, కాసింత పడి సన్నబడి, గుటక వేసినట్టు ఆగి, మళ్ళీ పడుతోంది. పైన గాలి ఆడటం లేదన్నమాట, మూత తియ్యలేదన్నమాట, మూత తియ్యకపోతే అసలు పడదని కాదు, ముక్కు మూసుకుని నీళ్ళు తాగినట్టు పడుతుంది, ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఇలా జరగలేదు, ఎందుకంటే పైమూత తియ్యడం తన పని కాదు, పైపని బావది, కిందపని తనది, ఈయన ఎక్కడ ఏం చేస్తున్నట్టు అని మైకు తల పక్కకు తిప్పి, బస్టాండు మొత్తానికి వినబడే ఆ గొంతుతో, షెడ్డు రేకులు అదిరేలాగ, "బావా! మూత!" అని అరిచాడు.

రేకులు అదిరాయి, ఆగాయి. నూనె ఓ గుటక వేసింది. బానెట్ అవతల నిలబడాల్సిన రెండు పాత చెప్పులు అక్కడ లేవు, బొటనవేలి దగ్గర తెగి ఇనప తీగతో కుట్టుకున్న ఆ చెప్పులు, తను పడుకున్న చోటి నుంచి బావ అంటే ఎప్పుడూ ఆ చెప్పులే, మనిషిని చూసినదానికంటే చెప్పుల్నే ఎక్కువ చూశాడు, చెప్పుల్ని బట్టి కోపం తెలిసేది, నవ్వు తెలిసేది, నవ్వినప్పుడు మడమలు లేచేవి. అక్కడ ఇప్పుడు గచ్చు. గచ్చు మీద ఎండముక్క. అంతే. గుండె ఝల్లుమనాలి కదా ఇప్పుడు? మైకు ఎదురుచూశాడు, ఆలస్యంగా నడుస్తున్న బస్సు కోసం చూసినట్టు చూశాడు, అది రాలేదు. బదులుగా ఇంకో మాట వచ్చింది. అభావం. భావం లేకపోతే అభావం, బావ లేకపోతే అబావం. బాగుంది. చాలా బాగుంది. ఇది బావకు చెప్పాలి.

అలా చెప్పాల్సినవి పోగుపడుతున్నాయి, ఇది ఎన్నోదో. బావ పోయిన కబురు వచ్చిన రోజూ అంతే, ఒకటి తయారైంది, దాన్ని ఎవరికి చెప్పాలో తెలియక మింగాడు. కబురు తెచ్చింది బావ దగ్గర నేర్చుకునే అమ్మాయి, కుట్టుపని చేసుకునే అమ్మాయి, గాజుగది అద్దం మీద వేళ్ళతో కొట్టి, తలుపు ఎటో తెలియక అద్దానికి మొహం ఆనించి చెప్పింది. ఆ అమ్మాయి నడుపుతోంది, బావ పక్కసీట్లో ఉన్నాడు, మలుపు తిరగ్గానే ఆయన తనవైపు బ్రేకు తొక్కాడు, మెత్తగా, కుదుపు లేకుండా, ఎలా తొక్కాలో రోజూ చెప్పినట్టే తొక్కాడు, బండి రోడ్డు పక్కన ఆగింది. ఆ అమ్మాయి స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచి, అద్దంలోంచి వెనక చూసుకుని, ఇండికేటరు వేసి, సార్ తర్వాత ఏం చెయ్యమంటారో అని కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. సార్ ఏమీ అనకపోతే నేను తప్పేం చెయ్యలేదేమో అనుకున్నానండీ, అని అద్దం అవతల ఏడ్చింది. బండిని ఆపి, తను ఆగాడు. ఆఖరిసారీ బ్రేకే. మైకు ఆ మాట మింగి, చేతిలో ఉన్న కాగితం చూసి, ఆలస్యంగా నడుస్తున్న బస్సు పేరు చదివి, ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అని చెప్పి, మైకు కట్టేసి, అప్పుడు లేచాడు. గొంతు వణకలేదు. మళ్ళీ డ్యూటీలోకి వచ్చిన మొదటిరోజు, చింతిస్తున్నాము, చింతిస్తున్నాము అని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అన్నాడు, వర్షానికి బస్సులన్నీ ఆలస్యం ఆ రోజు, కంట్రోలరు వచ్చి భుజం తట్టి, మెచ్చుకోవాలయ్యా, ఇంట్లో అంత జరిగినా గొంతు చెక్కు చెదరలేదు నీది, అన్నాడు. థ్యాంక్సండీ అన్నాడు మైకు. నిజంగానే అన్నాడు.

టర్బో గురించి బావ చెప్పింది అప్పుడు గుర్తొచ్చిందా, ఇప్పుడు గుర్తొస్తోందా? నూనె గునుస్తూనే ఉంది. అదొక చిన్న చక్రంరా, నా పిడికిలంత ఉండదు, పొగ తోపుడుకే తిరుగుతుంది, కానీ తిరిగిందంటే దెయ్యం పట్టినట్టు తిరుగుతుంది, దానికి ప్రాణమల్లా నూనె, మనం దూరం నుంచి జోరుమీద వచ్చి టక్కున తాళం తిప్పేశామనుకో, ఇంజను ఆగుతుంది, నూనె ఆగుతుంది, అది ఆగదు, దానికి తెలియదు కదా ఇంజను ఆగిందని, ఆ పొడిలోనే తిరుగుతుంది పిచ్చిది, తిరిగి తిరిగి మాడిపోతుంది. కాబట్టి ఇంటికి రాగానే ఆపకూడదు, కాసేపు ఊరికే గురగురమననిచ్చి, దానికి చెప్పి ఆపాలి. అలా చెప్పి ఆపేవాడు బావ. ఎంత దూరం పోయొచ్చినా షెడ్డులోకి వచ్చాక సీట్లోనే కూర్చునేవాడు, కిటికీ మీద చెయ్యేసి, ఏమీ చెయ్యకుండా, దిగవేం బావా, లోపల అక్కంటే భయమా అని ఇతను, నేను భయపడేది దానికి కాదురా, నీ జోకులకి, అని ఆయన. బండికి అంత మర్యాద చేసిన మనిషి. చెప్పకుండా ఆగాడు. ఇక్కడ బుర్రలో ఏదో ఇంకా తిరుగుతోంది, సంపు, సంపన్నుడు, కారు, కారేది, అభావం, అబావం, దానికెవరూ చెప్పలేదు.

వంటింటి తలుపు కిర్రుమంది. వంటింటి కిటికీ షెడ్డు వైపే ఉంటుంది, ఇక్కడ గుండుసూది పడినా అక్కడికి వినపడుతుంది, బావా మూత అని అరిస్తే వినపడదూ. అయ్యో. అక్క ఆ రోజు నుంచీ షెడ్డులో కాలు పెట్టలేదు. ఇప్పుడు మెట్లు దిగుతోంది. ఇంటి చెప్పులు రెండు షెడ్డు గుమ్మం దగ్గర ఆగాయి, కాసేపు ఆగాయి, లోపలికొచ్చాయి, బానెట్ అవతల, ఆ పాత చెప్పులుండాల్సిన చోట, ఎండముక్క మీద నిలబడ్డాయి.

"ఏ మూతరా?"

"అది... నేనే తీస్తాలే అక్కా. నువ్వెళ్ళు."

"అడిగింది చెప్పు. రెండున్నాయి ఇక్కడ."

"నల్లది. మీద నూనె చుక్క బొమ్మ ఉంటుంది. రెండోది ముట్టుకోకు, అది నీళ్ళది, వేడిగా ఉంటుంది."

"నూనె చుక్కో, కన్నీటి చుక్కో, నాకేం తెలుస్తుంది, అన్నీ ఒకేలా గీస్తారు," అంటూనే తిప్పింది. కీచుమంది. వెంటనే కింద గుటకలు ఆగిపోయాయి, ధార మూరెడు పొడుగున, నల్లని జడలా, నిలకడగా దిగింది. "పడుతోందా?" అంది. సరిగ్గా బావ అడిగినట్టే, చివరి రెండు అక్షరాల మీద అదే ఊతతో. పడుతోంది, అన్నాడు మైకు. "ఇదెక్కడ పెట్టను?" అని అక్క మళ్ళీ తనే, "తెలుసులే, సీట్లో కదూ," అని డ్రైవరు సీట్లో పెట్టింది. అది బావ పద్ధతి. లోపల నూనె లేనంతసేపూ మూత సీట్లో ఉండాలి, ఎవడైనా మతిలేనివాడు బండి స్టార్టు చెయ్యడానికి కూర్చుంటే అది గుచ్చుకుని మతొస్తుంది. కూర్చున్న మతిలేనివాడు ఇంతవరకూ ఆయనొక్కడే.

తర్వాత పనంతా దానంతటదే జరిగిపోయింది, చేతులకు దారి తెలుసు. ఫిల్టరు విప్పడం, కొత్తదాని అంచుకు వేలితో నూనె రాయడం, బిగించడం. బోల్టుకుండే రాగి వాషరు ఒకసారి నలిగితే ఇక పనికిరాదు, ప్రతిసారీ కొత్తది వెయ్యాలి, పాతది బావ పారెయ్యకుండా గోడకున్న తీగకు గుచ్చేవాడు, గాలికి గలగలమంటుంటాయి, నాకు కొన్న గాజులకంటే దీనికి వేసినవే ఎక్కువ అని అక్క దెప్పేది. ఇప్పుడు విప్పిన వాషరు మైకు అరచేతిలో ఉంది, బావ ఆఖరిసారి నలిపింది. దాన్నేం చెయ్యాలో తెలియక చూస్తుంటే అక్క చెయ్యి చాపింది. తీసుకుంది, కొంగుతో తుడిచింది, కాస్త గట్టిగా తుడిచి, మునివేళ్ళ మీద లేచి తీగకు గుచ్చింది. గలగలమంది. పాత నూనె తొట్టిలోకి తొంగి చూసింది. రక్తపరీక్షల ల్యాబులో పని ఆవిడది, బావ ప్రతిసారీ నూనె కొలిచే డిప్‌స్టిక్ చివరి చుక్క తెల్లకాగితం మీద వేసుకుని లోపలికి పట్టుకెళ్ళి, రిపోర్టు ఇవ్వండి మేడమ్ అనేవాడు, దీనికి షుగరు లేదు, తమరికుంది, అని ఆ కాగితాన్ని చెత్తబుట్టలో పడేసేది. ఇప్పుడు తొట్టి మీదికి వంగి ఏమంటుందో అని మైకు చూశాడు. అక్క కొత్త నూనె డబ్బా మూత తిప్పి అతనికి అందించింది. తేనె రంగు నూనె. నూనె అంటే ఏమిట్రా, అనేవాడు బావ, నువ్వులో ను, నేనులో నే, ఇద్దరం కలిస్తేగానీ దిగదు. మైకు గరాటు పెట్టి పోశాడు. ఒక్కడే పోశాడు. దిగింది.

చిక్కు అక్కడొచ్చింది. నూనె మార్చాక ఇంజను ఒకేసారి అంటించకూడదు, పెట్రోలు పంపు ఫ్యూజు పీకేసి, ఊరికే స్టార్టరు తిప్పాలి, కొత్త నూనె టర్బో దాకా పాకి, స్టీరింగు వెనకున్న ఎర్రదీపం ఆరేదాకా తిప్పాలి, అప్పుడు ఫ్యూజు పెట్టి అంటించాలి, అంటించేటప్పుడు ఒకరు సీట్లో ఉండాలి, ఒకరు కింద పడుకుని బోల్టు దగ్గర చెమ్మ కనిపిస్తుందేమో చూడాలి, కనిపిస్తే అరవాలి, సీట్లో వాళ్ళు ఆపాలి. అరిచేవాడు ఉన్నాడు.

"అక్కా, నువ్వు కూర్చోవాలి."

"ఎక్కడ?"

"సీట్లో."

అక్క సీటు వైపు చూసింది, ఆ గుంట వైపు, గుంటలో కూర్చున్న మూత వైపు. ఆవిడకు డ్రైవింగు రాదు. ఊరందరికీ నేర్పినవాడి పెళ్ళానికి రాదు. మొగుడి దగ్గర డ్రైవింగు నేర్చుకుంటే బండైనా మిగలాలి, కాపురమైనా మిగలాలి, నాకు కాపురం చాలు అని రెండోరోజే దిగిపోయింది. "నేనా?" అని, మూత తీసి అతని చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు దగ్గరికి పట్టుకుని, తలుపుకు తల కొట్టుకోకుండా వంగి, కూర్చుంది. లోపలికి దిగిపోయింది. "అబ్బా, ఇదేం సీటురా, బావిలా ఉంది." తర్వాత రెండు చేతులూ పక్కలకు ఆనించి అలాగే ఉండిపోయింది. మైకు మూత బిగించి, ఫ్యూజు పీకి, మళ్ళీ కిందికి జారాడు.

"తాళం తిప్పు."

ఏదో బొంయిమంది, స్టార్టరు మాత్రం కాదు. "ఏదో లేచిందిరా ముందు!"

"అది దీపం మీటక్కా! తాళం, తాళం!"

"కన్ను కొడుతోంది," అంది అక్క, మామూలుగా. తాళం తిప్పింది. ఇంజను అంటుకోకుండా దగ్గుతూ తిరిగింది. ఎర్రదీపం ఆరిందంది. లేచి ఫ్యూజు పెట్టి మళ్ళీ కింద పడుకున్నాడు. ఈసారి అంటుకుంది, షెడ్డు నిండా ఆ గొంతు, గోడ మీద వాషర్లు వణికాయి, మైకు టార్చి వేసి బోల్టు చుట్టూ చూశాడు, పొడిగా ఉంది, ఫిల్టరు చూశాడు, పొడిగా ఉంది, అంతా పొడిగానే ఉంది. పైకి వచ్చి కిటికీ దగ్గర నిలబడి, చాలక్కా, ఆపెయ్ అన్నాడు.

అక్క ఆపలేదు. కిటికీ మీద చెయ్యేసుకుని ముందుకు చూస్తోంది.

"ఆపెయ్యొచ్చు. లీకేం లేదు."

"ఉండరా. ఇంకా ఆయన దిగే టైము కాలేదు."

"ఇప్పుడు అవసరం లేదక్కా. దూరం పోయొస్తేనే అదంతా. బండి కదల్లేదు కదా."

"మీ టర్బో గోల కాదు నేను చెప్పేది." ఇంజను మీదుగా వినపడాలని గొంతు కాస్త పెంచింది. "బండి గుమ్మంలోకి వచ్చేది, ఆయన వచ్చేవారు కాదు. గురగురమంటూ ఉండేది. నేను వంటింట్లో అది వింటూ, ఆలస్యంగా వచ్చినందుకు అనాల్సినవన్నీ వరసగా పేర్చుకునేదాన్ని. ఇది అనాలి, అది అనాలి, ఈసారి వదలకూడదు అని. మొదట్లో ఉన్నవి చివరికొచ్చేసరికి మర్చిపోయేదాన్ని. బండి ఆగేసరికి సగం కోపం ఉండేది కాదు. చల్లారేది అదొక్కటే అనుకున్నారు మీరిద్దరూ." ఊపిరి పీల్చుకుంది. "ఆ రోజు ఏ చప్పుడూ లేకుండా ఎవరో వచ్చి బెల్లు కొట్టారు."

గేటు బయట హారను మోగింది. పళ్ళ డాక్టరు. మైకు చేతుల్ని గుడ్డతో తుడుచుకున్నాడు, తుడిచిన చోటే తుడుచుకున్నాడు.

"అమ్మేస్తే నీకూ విశ్రాంతి," అంది అక్క. "ఆదివారం ఆదివారం వచ్చి దీని కింద పడుకుని నీ నడుం పడిపోతోంది. ఆయన కోసం చేశావు, ఇంకా నాకోసం ఎందుకు చెయ్యాలి నువ్వు?"

ఒక మాట వస్తుందని చూశాడు. నడుం మీద వస్తుంది, విశ్రాంతి మీద వస్తుంది, ఎప్పుడూ వస్తుంది. రాలేదు. బుర్రలో తిరిగేది ఉన్నట్టుండి నెమ్మదించినట్టుంది, ఆ గురగురలోనే.

"అమ్మొద్దక్కా," అన్నాడు.

"ఏం?"

"ఇది లేకపోతే నేనెలా రాను?"

"ఎలా రావడమేమిటిరా, బస్సెక్కి రా. నీకంటే బాగా ఎవరికి తెలుసు? నన్ను చూడ్డానికి రావా?"

"నాకు రావడం రాదక్కా."

అది జోకు కాదు. జోకులా బయటికొచ్చిందని అన్నాక తెలిసింది. అక్క తల తిప్పి తమ్ముడి మొహంలోకి చూసింది, చాలాసేపు చూసింది, నవ్వు మొదలైంది, నవ్వో కాదో తెలియకుండా భుజాలు కదిలాయి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ హారను. "పోయి చెప్పు ఆయనకి," అంది కొంగులోంచి. "గొంతుందిగా నీకు." అప్పుడు చెయ్యి చాపి తాళం వెనక్కి తిప్పింది, మెల్లగా, చెప్పి తిప్పినట్టు. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో, బానెట్ కింద ఎక్కడో, ఆ పిడికిలంత కూడా లేని చక్రం సన్నగా నిట్టూర్చి, కొత్త నూనెలో ఇంకాసేపు తిరిగి, ఆగింది. ఇద్దరూ విన్నారు.

మైకు గేటు దగ్గరికి నడిచాడు. డాక్టరు కొత్త చేతి గ్లవుజులు తొడుక్కుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ నిలబడ్డాడు. ఏం చెప్పాలో మైకుకు తోచలేదు, వచ్చింది ఒక్కటే, రోజూ వచ్చేదే, వీధి చివరిదాకా వినపడే గొంతుతో అదే మొదలుపెట్టాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ సాయంత్రం ఇక్కడి నుంచి బయల్దేరవలసిన బండి రద్దయినది." డాక్టరు ఇదేదో హాస్యం అనుకుని ఇంకాస్త నవ్వాడు. షెడ్డులోంచి ఒక కన్ను తెరిచిన ఎర్రబండి, అందులోంచి అక్క, చూస్తున్నారు. "మీకు కలిగిన అసౌకర్యానికి," అన్నాడు మైకు, అక్కడిదాకా బాగానే వచ్చింది, "చింతి," అన్నాడు, గొంతు గునిసింది, గుటక పడింది, మళ్ళీ "చింతి" అన్నాడు, ఆ పైన రాలేదు, ఇన్నేళ్ళలో మొదటిసారి రాలేదు, గేటు ఊచ పట్టుకున్నాడు, నూనెకు కాలిన మోచెయ్యి అప్పుడు మండటం మొదలుపెట్టింది. డాక్టరు నవ్వు ఆపేశాడు, గ్లవుజులు ఒక్కొక్కటే విప్పుకుంటున్నాడు. వెనక కారు తలుపు తెరుచుకుంది, ఇంటి చెప్పులు గచ్చు మీద ఇటే వస్తున్నాయి.